పాత మారుతి ఎస్టీమ్ కారు ఎత్తు దించాలంటే: స్ప్రింగులు కోయించాలా, లోయరింగ్ స్ప్రింగులు వేయాలా, కాయిల్‌ఓవర్లు కొనాలా?

మా మేనల్లుడు ఈమధ్యే 2004 మోడల్ ఎస్టీమ్ కొన్నాడు. వారం తిరక్కుండానే "మావయ్యా, రెండంగుళాలు దించేద్దాం, ఆటోనగర్లో ఒక్క పూటలో స్ప్రింగులు కోసి ఇస్తారంట" అన్నాడు. నాదీ ఎస్టీమే. ఆరేళ్లుగా దించిన బండి మీదే విజయవాడ పటమట నుంచి గుంటూరు వెళ్లొస్తున్నాను. వాడిని ఆపి రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పిన మాటలివి. ముందు చక్రాలకి స్ట్రట్ (చక్రాన్ని నిలబెట్టే షాకబ్జర్ కడ్డీ) ఉన్న జెన్, లాన్సర్ లాంటి పాత బండ్లకీ చాలావరకు ఇవే పనికొస్తాయి.

ఎంత దించాలన్నది ముందు తేల్చుకోవాలి. టేపు తీసుకుని చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారిపోతుంది. తర్వాత ఇంట్లోవాళ్లని ఎక్కించి, డిక్కీలో సామాను పెట్టి మళ్లీ కొలవండి. మా బండి నలుగురు ఎక్కేసరికి వెనక వైపు రెండు వేళ్ల మందం దిగింది. దించిన బండి మీద ఆ రెండు వేళ్లూ అదనంగా పోతాయి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. ఎస్టీమ్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.365 మీటర్లు. అంటే సరిగ్గా కట్టిన హంప్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఉంటాయి. లెక్క వేసి చూస్తే అప్పుడు బండి పొట్ట కింద ఖాళీలో పోయేది దాదాపు 4 సెం.మీ. మాత్రమే. అదే 10 సెం.మీ. ఎత్తుని ఒక అడుగు వెడల్పులో పోస్తే హంప్ మొత్తం రెండు చక్రాల మధ్యకి వస్తుంది, పది సెంటీమీటర్లూ పోతాయి. సందుల్లో ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మెలు ఇలాంటివే. మీ బండి తగిలేది వాటికే. నేను 25 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది అందుకే. 30 దాటితే మన ఊళ్లో కుటుంబంతో తిరగలేరని నా గట్టి నమ్మకం.

స్ప్రింగులు కోయించడం అన్నిటికంటే చవక. నేను మొదట చేసిందీ అదే, చేసి ఉండకూడదు. ఎస్టీమ్ నాలుగు చక్రాలకీ స్ట్రట్లే, స్ప్రింగు పైన గిన్నెలాంటి కప్పుకీ కింద కప్పుకీ మధ్య నొక్కుకుని కూర్చుంటుంది. ఒక చుట్టు కోసేసరికి, జాకీ ఎత్తి చక్రం వేలాడినప్పుడు ఆ బిగువు పోయింది. చేత్తో పట్టుకుంటే స్ప్రింగు గుండ్రంగా తిరిగేది. రోడ్డు మీద గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ "టక్" మని శబ్దం. ఒకరోజు వారధి మీద జాయింటు దాటగానే వెనక ఎడమ స్ప్రింగు కప్పులోంచి జరిగి పక్కకి కూర్చుంది. విప్పి చూస్తే గ్రైండరుతో కోసిన మొన కప్పు రేకుని గీరి గీరి మెరిసేలా చేసింది. ఆ రోజు వెనక సీట్లో మా అమ్మ ఉంది.

కోస్తే స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్నచోట అయిదు మిగిలితే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. షాకబ్జర్ మాత్రం పాతదే, పాత స్ప్రింగుకి తగ్గట్టు చేసింది. గట్టి స్ప్రింగుని అది ఆపలేదు, బండి ఊగుతూనే ఉంటుంది. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీసేది ఇంకా ఘోరం: ఉక్కు పదును పోతుంది, నాలుగూ నాలుగు ఎత్తుల్లో కుంగుతాయి. కమాన్ కట్టలు దశాబ్దాలుగా చూస్తున్న మేస్త్రి గారొకరు నా స్ప్రింగు చూసి "దీన్ని మళ్లీ వేయను, వేరే తెచ్చుకో" అని పక్కన పడేశారు. ఆయన మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషమే.

రెడీమేడ్ లోయరింగ్ స్ప్రింగుల సంగతి వేరు. వీటిని పొట్టిగానే చుడతారు, చక్రం వేలాడినా కప్పులో బిగువుగా ఉండేలా చూస్తారు. కానీ ఇవి మాత్రమే మార్చి పాత షాకబ్జర్లు ఉంచడం సగం పనే. షాకబ్జర్ రాడ్డు 25 మిల్లీమీటర్లు లోపలే ఉండి పనిచేస్తుంది, గుంతలో పడితే త్వరగా స్టాపర్ రబ్బరుకి తగులుతుంది. నా బండి ముందు స్ట్రట్లు విప్పినప్పుడు ఆ రబ్బరు వేళ్లతో నలిపితే రవ్వలా రాలింది. రాడ్డు లోపలికి నొక్కితే తిరిగి పైకి రాలేదు. సీలు చుట్టూ నల్లటి నూనె, దానిమీద దుమ్ము అట్టకట్టి ఉంది. ఇరవై ఏళ్ల బండిలో అలా కాకుండా ఉంటుందా?

అందుకే నా తీర్పు: కొత్త స్ప్రింగులూ, వాటికి సరిపడే కొత్త షాకబ్జర్లూ, కొత్త స్టాపర్ రబ్బర్లూ కలిపి. డబ్బు తక్కువైతే షాకబ్జర్లే ముందు, స్ప్రింగులు తర్వాత. ఎత్తు మారకపోయినా, కొత్త షాకబ్జర్లు పడ్డ రోజే బండి రోడ్డుని పట్టుకోవడం తెలుస్తుంది. ఎన్‌హెచ్ 16 మీద లారీని దాటి మళ్లీ లైన్లోకి వచ్చేటప్పుడు వెనక భాగం ఒక్కసారి కదిలి ఆగిపోవాలి, రెండోసారి ఊగకూడదు.

కాయిల్‌ఓవర్లు (స్ప్రింగూ షాకబ్జరూ జతగా, ఎత్తు మార్చుకునేలా వచ్చే సెట్లు) మంచి సరుకే. మరమీద రింగు తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. కొన్నిటిలో కింది బ్రాకెట్ తిప్పి ఎత్తు మారుస్తారు, అప్పుడు స్ప్రింగు బిగువూ షాకబ్జర్ నడకా అలాగే ఉంటాయి. కొంటే అలాంటివే కొనండి. కానీ ఆ ధరకి ఇంకో పాత ఎస్టీమ్ వస్తుంది. పైగా మర ఎప్పుడూ శుభ్రంగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్ల కింద ఎంత ఒండ్రు పేరుకుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ బురద మరలో ఎండితే రింగు కదలదు. ట్రాక్ మీద నడపని బండికి ఇది అక్కర్లేని ఖర్చని నా అభిప్రాయం. గాలి బెలూన్ల సస్పెన్షన్ జోలికి పాత బండితో పోవద్దు, కంప్రెసరూ ట్యాంకూ పైపులూ అన్నీ కొత్త తలనొప్పులే.

ఏది వేసినా ఒకటి గుర్తుంచుకోవాలి. స్ట్రట్ బండిని మరీ దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి బండికి కలిపే చెయ్యి) బయటి కొన పైకి లేస్తుంది. దాంతో బండి ఏ కేంద్రం చుట్టూ పక్కకి ఒరుగుతుందో అది బండి బరువు కేంద్రం కంటే ఎక్కువ కిందికి జారుతుంది. బండి చూడ్డానికి అతుక్కున్నట్టున్నా మలుపులో ఒరిగే గుణం పెరగొచ్చు. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే టై రాడ్డు కోణం కూడా మారి, గుంత వస్తే చక్రం తనంతట తనే కాస్త తిరుగుతుంది. టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది.

చట్టం మాట కూడా వాడికి చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. వాడి బండికి పదిహేనేళ్లు దాటాయి, ఆర్‌సీ రెన్యువల్‌కి మళ్లీ తనిఖీకి తీసుకెళ్లాలి. ముందే రవాణా కార్యాలయంలోనూ ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగమన్నాను. కంపెనీ స్ప్రింగులు పారేయకుండా నూనె రాసి అటక మీద పెట్టమన్నాను.

వాడు చివరికి 25కి ఒప్పుకున్నాడు. పనిరోజు నేనూ షెడ్డుకి వెళ్లాను, ఒక్క పని దగ్గరుండి చేయించాలని. లోయర్ ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేశాక వాటి బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి దిగగానే బుష్ రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే ఉండి కొన్నాళ్లకి చిరుగుతుంది. బండిని ర్యాంప్ మీద నాలుగు చక్రాలపై నిలబెట్టి, ముందు సీట్లో ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టి, మేస్త్రి గారు కిందనుంచి ఒక్కో బోల్టూ బిగించారు. వీల్ ఎలైన్‌మెంట్ ఆ రోజు చేయించలేదు. స్ప్రింగులు సర్దుకోవాలి కదా, గుంటూరు నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక మళ్లీ టేపు పెట్టి కొలిచి, అప్పుడు ఎలైన్‌మెంటూ హెడ్‌లైట్ల ఎత్తూ సరిచేయించుకుంటాడు.