కొబ్బరాకు నీడ పడని గోడలు: జింప్‌తో ఆరేళ్ళు

ఎక్స్‌-ప్లేన్ అనే విమానం నడిపే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వేకి దిగుతుంటే కింద కనిపించే ఇళ్ళు ఏ పరాయి దేశానివోలా ఉన్నాయని ఆరేళ్ళ క్రితం దానికోసం మన కోనసీమ ఇళ్ళు చేయడం మొదలుపెట్టాను. ఇల్లు కట్టేది 3డీ ఆకారాలు చేసే బ్లెండర్‌లో, గోడలకీ కప్పుకీ అతికించే బొమ్మలు (టెక్స్చర్లు) చేసేది ఫొటోలు దిద్దే జింప్‌లో. ఉచితమని పట్టుకున్నాను, అలవాటై వదల్లేదు.

ఎక్కువ పనికొచ్చింది పర్‌స్పెక్టివ్ టూల్. మన వీధుల్లో ఇంటికి ఎదురుగా నిలబడి ఫొటో తీద్దామని వెనక్కి నాలుగడుగులు వేస్తే పంటకాలవలో పడతాం. అందుకే అన్నీ పక్కనుంచి తీసినవే. కరెక్టివ్ అన్నది ఎంచుకుని, నాలుగు మూలల్నీ కిటికీ చట్రానికి ఆనిస్తే గోడ తిన్నగా వచ్చేస్తుంది. నీడల సంగతే కష్టం. సిమ్యులేటర్‌లో పొద్దు వాలినా ఫొటోలోని కొబ్బరాకు నీడ గోడ మీద అలాగే ఉంటుంది. అందుకని శ్రావణంలో ముసురు పట్టిన రోజు చూసుకుని కెమెరా తీస్తాను. అంబాజీపేట దగ్గర ఒక పెద్దాయన అరుగు మీంచి లేచి, "ఇల్లు అమ్మకానికి పెట్టలేదండి బాబూ" అన్నారు. సంగతి చెప్తే, "ఆయ్, అయితే ఆ సున్నం రాలిన చోటు తీయకండి" అన్నారు. నాక్కావలసింది అదే మరి!

ఒకే బొమ్మని పక్కపక్కన పేరిస్తే అతుకు కనపడకుండా చేసే టైల్ సీమ్‌లెస్ ఫిల్టర్ సున్నపు గోడకి సరే, పెంకుల మీద వాడితే ఒక పెంకులోంచి ఇంకో పెంకు దెయ్యంలా తొంగిచూస్తుంది. నేను ఆఫ్‌సెట్‌తో బొమ్మని సగానికి జరిపి, మధ్యకొచ్చిన అతుకుని, వేరే చోటి ముక్కని నకలు చేసే క్లోన్ టూల్‌తో పూడుస్తాను. ముందే పెంకు అంచు దగ్గర కత్తిరించుకోకపోతే అదీ కుదరదు. మచ్చల్ని చుట్టుపక్కల రంగులో కలిపేసే హీల్ టూల్‌ని చూరు నీడ పక్కన వాడకండి, నలుపు పాకుతుంది.

గ్రాఫిక్స్ కార్డుకి అనువైన డీడీఎస్ ఫైలుగా జింప్ నుంచి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. మెమరీలో 4 ఎంబీ తినే 1024 × 1024 బొమ్మ బీసీ1 అనే కుదింపు పద్ధతిలో 512 కేబీకి దిగుతుంది. మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూసేటప్పటికి వాడే చిన్న సైజు కాపీలు) పెట్టడం తెలియక మొదటి ఏడాదంతా దూరపు కప్పులు చేప పొలుసుల్లా మినుకుమంటుంటే గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నాను.

2025లో వచ్చిన జింప్ 3.0లో ఫిల్టర్లు లేయర్ (బొమ్మలోని పొర) మీద విడిగా నిలుస్తాయి, రంగు నచ్చకపోతే తర్వాత దిద్దుకోవచ్చు. ఇదివరకు ఆ సుఖం లేక ఒక్కో గోడకీ పది కాపీలు దాచుకునేవాణ్ణి.

రాత్రి దీపాలకి వేరే బొమ్మ కావాలి: అంతా నలుపు, వెలిగే కిటికీలు మాత్రం పసుపు. మొదట అన్నీ వెలిగించాను. ఊరంతా పెళ్ళిపందిరిలా ఉంది. ఇప్పుడు ఇంటికి ఒక్క వంటింటి కిటికీయే వెలిగిస్తున్నాను.