నాన్నగారికి సిలికాన్ యూరిన్ పైపు: 14 నెలలు వాడాక

మా నాన్నగారికి 81 ఏళ్లు, హైదరాబాద్‌లో ఒక ఓల్డేజ్ హోమ్‌లో ఉంటున్నారు. ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగిపోయింది, గుండె బాగోలేదని ఆపరేషన్ వద్దన్నారు, ఇక పైపు తప్పలేదు. మొదట పెట్టిన పసుపు రంగు లేటెక్స్ ఫోలీ కాథెటర్ మూడు వారాలకే సుద్దలాంటిది పేరుకుని మూసుకుపోయేది, పొత్తికడుపు ఉబ్బి ఆయన రాత్రంతా మూలుగుతూనే ఉండేవారు. తర్వాత పూర్తి సిలికాన్‌ది తెప్పించాం, 16 సైజు. ధర బాగా ఎక్కువే, కానీ మాకు పది వారాల పైనే వస్తోంది, పైగా లోపల మడ్డి కడుతుంటే బయటికే కనిపిస్తుంది. ఒక్కటే లోపం, పైపు జారకుండా మూత్రాశయంలో నీళ్లతో ఉబ్బించి ఉంచే దీని బెలూన్‌లో నీళ్లు మెల్లమెల్లగా తగ్గిపోతాయి, ఒకసారి పైపు దానంతటదే జారి వచ్చేసింది.

అసలు మమ్మల్ని ఏడిపించింది మాత్రం మూత్రం చేరే బ్యాగ్. ఒకరోజు ఆయా నాన్నగారిని వీల్‌చైర్‌లోకి మారుస్తోంది, బ్యాగ్ మంచం కమ్మీకే తగిలించి ఉండిపోయింది. ఆయన్ని లేపగానే పైపు బిగుసుకుని, లోపల ఉబ్బి ఉన్న బెలూన్‌ని లాగేసింది. ఆయన కేక నాకింకా చెవుల్లోనే ఉంది. మూడు రోజులు బ్యాగులో ఎర్రనీళ్లే. అప్పట్నుంచి పైపుని కాస్త వదులుంచి తొడకి పట్టీతో కడుతున్నాం, ముందు బ్యాగ్ చేతిలోకి తీసుకున్నాకే మనిషిని కదుపుతున్నారు. అలాగని ఒళ్లో పెట్టకూడదు, మూత్రం వెనక్కి పోతుంది, ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, నేలకి మాత్రం తగలకూడదు.

ఇంకోటి, ఆ గదిలో నలుగురి బ్యాగులూ ఒకే మగ్గులోకి వంపేవాళ్లు! ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటదా? మార్కర్‌తో పేరు రాసి నాన్నగారికి వేరే మగ్గు కొనిచ్చాను, మనిషి మనిషికీ గ్లవ్స్ మార్చమని గట్టిగానే చెప్పాను.

మూత్రం కంపు కొడితే చాలు టెస్టు, వెంటనే యాంటీబయాటిక్. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక యూరాలజిస్టు చెప్పారు, పైపు నెల దాటిందంటే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉంటుందట, జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి, ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోవడం లాంటివి ఉంటేనే మందు అవసరమట. ఆ తర్వాత ఏడాదిలో రెండుసార్లే వాడాం.

పైపు పక్కనుంచి కారుతుంటే మాత్రం వెంటనే మార్చేయమని టెన్షన్ పడకండి, ముందు విరేచనం అయి ఎన్ని రోజులైందో సిస్టర్‌ని అడగండి. నాన్నగారికి రెండుసార్లూ మలబద్ధకమే కారణం.