గ్యాస్ లైన్లలో హైడ్రేట్ నిరోధకాలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

సముద్రం అడుగున గ్యాస్ పైపుల్లో హైడ్రేట్ (నీరు, గ్యాస్ కలిసి మంచులా గట్టిపడే పదార్థం) గడ్డ కట్టకుండా ఎక్కించే రసాయనాల్లో మూడింటిని దగ్గరుండి వాడాను. మిథనాల్, మేమంతా మెగ్ అని పిలిచే మోనో ఇథిలీన్ గ్లైకాల్, కేహెచ్‌ఐ అనే, గడ్డ కట్టడాన్ని ఆలస్యం చేసే పాలిమర్ రకం. లోతు నీటిలో పొడవాటి లైనుకి నా ఓటు మెగ్‌కే. అయితే దాన్ని చూసుకునే ఓపిక ఉండాలి.

కాకినాడకి ఎదురుగా ఉన్న కృష్ణా-గోదావరి లోతు క్షేత్రాల సంగతే తీసుకోండి. ఒడ్డున ఎండ మాడ్చేస్తున్నా వెయ్యి మీటర్ల కింద నీళ్లు ఆరేడు డిగ్రీలకి మించవు. మీథేన్‌కి కాస్త నీరు తగిలితే 4 డిగ్రీల దగ్గర సుమారు 40 బార్ ఒత్తిడికే హైడ్రేట్ మొదలవుతుంది. 100 బార్ ఉంటే 13 డిగ్రీలు కూడా దానికి సరిపోయే చలే. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద తవ్వినప్పుడు ఈ బేసిన్ అడుగు మట్టిలోనే సహజ హైడ్రేట్ దొరికింది. అలాంటి చోట పైపు వేసి మందు లేకుండా నడపడం కుదిరే పని కాదు.

మిథనాల్ శక్తి గురించి వాదన లేదు. పైపుల్ని మూసేస్తున్నది మామూలు మంచు కాదు, హైడ్రేట్ అని 1934లో తేల్చిన హామర్‌ష్మిట్ సమీకరణంతో లెక్కేస్తే, హైడ్రేట్ మొదలయ్యే ఉష్ణోగ్రతని 10 డిగ్రీలు దించడానికి నీటిలో బరువు ప్రకారం సుమారు 20 శాతం మిథనాల్ చాలు. మెగ్ అయితే 32 శాతం దాకా కావాలి. కానీ మిథనాల్‌లో చాలా భాగం ఆవిరై గ్యాస్‌తో, ఇంకొంత కండెన్సేట్‌తో (గ్యాస్‌లోంచి ద్రవంగా దిగే తేలికపాటి నూనెతో) వెళ్లిపోతుంది. పైగా విషం, మంట అంటుకుంటే పగటి వెలుతుర్లో సరిగా కనబడదు. చల్లబడిన బావిని మళ్లీ తెరిచే గంటల్లో దానికి సాటి లేదు. రోజూ ఎక్కించడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మెగ్ గొప్పతనం తిరిగి రావడంలో ఉంది. బావి దగ్గర లీన్ మెగ్ (నీరు తక్కువున్నది) ఎక్కిస్తాం, అది నీటిని కలుపుకుని రిచ్ మెగ్‌గా ఒడ్డుకి చేరుతుంది, రీబాయిలర్లో (మరిగించే పాత్రలో) నీరు పోగొట్టి మళ్లీ పంపుతాం. గ్యాస్ నుంచి చెమ్మగా దిగిన నీరే వస్తున్నంత కాలం ఇది హాయిగా నడుస్తుంది. భూగర్భ పొరల నీరు మొదలైన రోజు నుంచి పని మారిపోతుంది. నీటితో ఉప్పు వస్తుంది, కాల్షియం వస్తుంది. నీరు ఆవిరైపోతే అవి గ్లైకాల్‌లోనే మిగిలి రీబాయిలర్ గొట్టాలకి పట్టేస్తాయి, వేడి అందడం తగ్గుతుంది. వేడి శ్రుతి మించితే గ్లైకాల్ విరిగి ఆమ్లాలు పుడతాయి, రంగు గోధుమకి తిరుగుతుంది, పీహెచ్ పడిపోతుంది. అందుకే రిచ్ మెగ్‌లో క్లోరైడ్, పీహెచ్ ప్రతి షిఫ్టులో చూడమని పోరుతుంటాను. వాక్యూమ్ కింద ఉప్పుని విడదీసే రీక్లెయిమర్‌ని "తర్వాత చూద్దాం" అని ప్రాజెక్టు నుంచి తీసేయడం నా దృష్టిలో పెద్ద తప్పు.

కేహెచ్‌ఐని వేరేచోట ఒక పొట్టి లైన్లో వాడాం. నీటిలో 0.5 నుంచి 2 శాతం మోతాదు, చిన్న ట్యాంకు, చిన్న పంపు. ప్రవాహం ఉన్నంతసేపు చక్కగా పనిచేసింది. కానీ అది హైడ్రేట్ గీతని (అది మొదలయ్యే ఒత్తిడి, ఉష్ణోగ్రతల హద్దుని) జరపదు, గడ్డ కట్టడాన్ని వాయిదా వేస్తుంది, అంతే. సబ్‌కూలింగ్, అంటే ఆ గీత కంటే ఎంత చల్లబడిందన్నది, సుమారు 10 డిగ్రీలు దాటితే ఆ గడువు చకచకా కరిగిపోతుంది. లైను ఆగి పైపు సముద్రమంత చల్లబడ్డాక గడియారం చూస్తూ కూర్చోవాలి. నీళ్లలో సరిపడా మెగ్ కలిసి ఉంటే ఆ ఆందోళన ఉండదు, రెండ్రోజులు ఆగినా లోపలి ద్రవానికి రక్షణ అలాగే ఉంటుంది. నా తీర్పుకి అసలు కారణం ఇదే. ఇంకోటి, ఈ పాలిమర్ మెగ్ రీబాయిలర్‌ దాకా వస్తే వేడికి విడిపోయి బంకలా అంటుకుంటుంది.

గడ్డల్ని అతుక్కోనివ్వని యాంటీ-అగ్లోమరెంట్ల జోలికి నేను పోలేదు. వాటికి తోడుగా నూనె ద్రవం కావాలి, దాదాపు అంతా మీథేనే ఉన్న పొడి గ్యాస్‌లో అవి పనికిరావు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఒక ఘనమీటరు హైడ్రేట్‌లో సుమారు 164 ఘనమీటర్ల గ్యాస్ బంధీగా ఉంటుంది. ప్లగ్‌కి (పైపులో అడ్డుపడ్డ గడ్డకి) ఒకవైపే ప్రెజర్ దించితే అది తూటాలా దూసుకెళ్లి వంపు దగ్గర పైపుని చీల్చగలదు. రెండువైపులా కలిపి, నెమ్మదిగా దించాలి. ఒకచోట వేడి పెట్టి కరిగించాలనే ఆలోచన అసలే వద్దు.

పొట్టి లైను, అరుదుగా ఆగేది అయితే కేహెచ్‌ఐ తీసుకోండి. లోతు ఎక్కువైతే మెగ్, దానితో రీక్లెయిమర్, రీస్టార్టుకి పక్కన చిన్న మిథనాల్ ట్యాంకు. ఏది కొన్నా అమ్మేవాళ్లు చూపించే ల్యాబ్ రిపోర్టులో మీ గ్యాస్, మీ బావి నీరు, మీరు వాడే తుప్పు నిరోధకం మూడూ కలిపి, ప్రవాహం ఆపి ఎన్ని గంటలు పరీక్షించారో అడిగి తెలుసుకోండి.