ఫేస్‌బుక్ ఖాతా డిలీట్ చేసి రెండేళ్లు దాటాక

డీయాక్టివేట్ కాదు, ఏకంగా డిలీటే చేశాను. మొదట్లో ఎవరు కనిపించినా "హాయిగా ఉంది, మీరూ తీసేయండి" అని ఊదరగొట్టేవాణ్ణి. ఇప్పుడు అడిగితే కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే లాభం నేననుకున్న చోట రాలేదు, నష్టమూ అనుకున్న చోట రాలేదు.

ముందు తీసేసే పని సంగతి. డీయాక్టివేట్ చేస్తే ప్రొఫైల్ కనిపించదు, అంతే. మెసెంజర్ వాడుకోవచ్చు, మళ్లీ లాగిన్ అయితే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. డిలీట్ కొడితే 30 రోజుల గడువిస్తారు, ఆలోపు మనసు మారితే లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు. సర్వర్లలోంచి మొత్తం పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని వాళ్లే చెప్తారు. మనం ఇతరులకు పంపిన మెసేజ్‌లు మాత్రం వాళ్ల ఇన్‌బాక్స్‌లో అలాగే ఉండిపోతాయి, కాబట్టి ఆనవాళ్లు లేకుండా చెరిపేద్దామని ఆవేశంగా దిగేవాళ్లు ఆ ఆశ వదులుకోవాలి.

డిలీట్‌కి ముందు డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, ఫైల్ ఏ రూపంలో కావాలని అడిగినప్పుడు, చదువుకోవడానికైతే జేసన్ (ప్రోగ్రాములకు పనికొచ్చేది) కాదు, బ్రౌజర్‌లో పేజీలా తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. నేను ఫోటోల కోసమని దింపుకున్నాను కానీ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది సెర్చ్ హిస్టరీ. ఎప్పుడు ఎవరి పేరు వెతికానో తేదీ, టైముతో సహా వరసగా ఉంది: పాత బాస్, ఆ వెంటనే ఆయన బావమరిది (ఈయన్ని నేను జన్మలో చూడలేదు), ఆ తర్వాత మళ్లీ బాసే, అదీ అర్ధరాత్రి దాటాక. ఇంకా ఏమైనా సందేహం మిగిలి ఉంటే అక్కడే తీరిపోయింది.

యాప్ పోయినా బొటనవేలు అది ఉన్న చోటికే వెళ్లేది, అది కొన్ని వారాల ముచ్చట. అంత తొందరగా పోనిది ఇంకోటుంది, ఏది చూసినా మనసులో పోస్టు తయారవడం. క్యూలో ముందున్నాయన ఏదో తమాషా మాటంటే, ఆయన చెప్పేది పూర్తిగా వినకుండానే దీన్ని ఎలా మొదలుపెడితే జనం నవ్వుతారా అని వాక్యం కూర్చుకోవడం, కామెంట్లు కూడా ఊహించుకోవడం. ఇది వదలడానికి దాదాపు ఏడాది పట్టింది. నా లెక్కలో అసలు లాభం ఇదే, ఎవరూ చెప్పగా వినలేదు.

టైమ్ మిగులుతుందంటారు కదా, మిగిలింది, అందులో సగం వీడియోలు మింగేశాయి. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు కొందరితో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడపడం పెరిగింది, మనసు కాస్త కుదుటపడింది, రాజకీయ వైరం తగ్గింది, దాంతోపాటు వార్తల మీద అవగాహనా తగ్గింది. ఒంటరిగా టీవీ చూడటం కూడా పెరిగిందట! అది చదివాక నా వీడియోల గురించి పెద్దగా బాధపడటం మానేశాను.

ఇక నష్టం. ఫోన్ చేసి మాట్లాడుకునే స్నేహితులు ఎక్కడికీ పోలేదు. పోయింది ఆ తర్వాతి వరస మనుషులు, ఏడాదికోసారి కూడా పలకరించుకోకపోయినా ఎక్కడున్నారో, పిల్లలేం చదువుతున్నారో తెలిసుండేవాళ్లు. పాత ఆఫీసులో పక్క సీటాయన వాళ్ల నాన్నగారు పోయిన సంగతి నాకు చాలా నెలలకు గానీ తెలియలేదు. ఆయనేమో నేను చూసి కూడా ఊరుకున్నాననుకున్నాడు. "పోస్టు పెట్టాను కదండీ" అన్నాడు. ఖాతా లేదని చెప్తే నమ్మాడో లేదో. ఇలాంటివి మళ్లీ జరుగుతాయి, దీనికి మందు లేదు.

వాట్సాప్ మాత్రం ఉంచుకున్నాను. అదీ ఆ కంపెనీదే, 2014లో కొనేసింది, కాబట్టి నేను వాళ్ల గుప్పిట్లోంచి బయటపడ్డానని గొప్పలు పోను.

రాత్రిళ్లు ఎవరెవరి గొడవలో చదువుతూ నిద్ర పాడుచేసుకునేవాళ్లు నిరభ్యంతరంగా తీసేయండి. చిన్న వ్యాపారం చేసుకుంటూ బేరాలన్నీ అక్కడే వచ్చేవాళ్లకైతే నేను చెప్పను. పేజీకి మీరొక్కరే అడ్మిన్ అయితే ఖాతాతోపాటు అదీ పోతుంది, ముందు ఇంకొకరికి అప్పగించండి. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే వేరే యాప్‌లుంటే ఒక్కొక్కదాన్నీ ఈమెయిల్‌కో ఫోన్ నంబర్‌కో మార్చుకున్నాకే డిలీట్ జోలికి వెళ్లండి.