సిరోంచలో దొరికే పశువుల కేస్ షీట్ పుస్తకం: కొనొచ్చు, కొన్ని గళ్ళు మీరే గీసుకోవాలి

మహారాష్ట్రలో తెలుగు, మరాఠీ రెండూ వినిపించే సిరోంచ, అంకీసా వైపు పశువైద్యం చేసేవాళ్ళ దగ్గర ఇప్పుడు ఈ అచ్చు పుస్తకం కనిపిస్తోంది. పశువుకో పేజీ, కింద రైతుకు ఇవ్వడానికి కార్బన్ కాపీ. ఒకరు రాసింది ఇంకొకరికి అర్థం కావాలన్నది దీని ఉద్దేశం. సగం దాకా నెరవేరింది.

అన్నిటికన్నా బాగున్నది జ్వరం గడి. "ఉంది, లేదు" అని టిక్కు పెట్టించకుండా ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలకు చూశారు అని విడివిడిగా అడిగారు. ఎండలో కట్టేసిన బర్రెకు మధ్యాహ్నం 103 వస్తే అది జ్వరమా, ఎండ దెబ్బా అన్నది గంట తెలియకుండా తేలదు. థర్మామీటర్ పేడలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది, పురీషనాళం గోడకు ఆనించాలి. ఈ మాట పేజీ అడుగున అచ్చు వేయడం మెచ్చుకోదగ్గది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రెండు నిమిషాల్లో కడుపు ఎన్నిసార్లు కదిలిందో రాసే గడి కూడా ఉంది. మామూలుగా రెండు మూడు సార్లు కదలాలి.

బరువు దగ్గర మాత్రం ప్రమాదం ఉంది. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగించమన్నారు. కొలత అంగుళాల్లో ఉండాలనీ, వచ్చేది పౌండ్లనీ ఎక్కడా లేదు. చుట్టు 60, పొడవు 50 ఉన్న ఆవుకు 600 వస్తుంది. అది సుమారు 272 కిలోలు. 600 కిలోలనుకుని మందు లెక్కేస్తే మోతాదు రెండింతలు దాటుతుంది.

మందు గడిలో "ఎన్ని ఎం.ఎల్." అని ఒక్కటే ఉంది. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఎం.ఎల్.కు 50 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది, 200దీ దొరుకుతుంది. 10 ఎం.ఎల్. అంటే ఒకదానిలో 500 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో 2,000. సీసా మీది బలం రాయకపోతే తర్వాత చూసే డాక్టర్‌కు ఆ అంకె దేనికీ పనికిరాదు.

చెవి ట్యాగ్‌కు ఒక గీత గీసి వదిలేశారు. 12 అంకెలకు 12 గళ్ళు ఉంటే ఒకటి జారిపోయినా వెంటనే తెలుస్తుంది. ట్యాగ్ ఊడి కొత్తది వేస్తే పాత నంబర్ రాసుకునే చోటు కూడా కావాలి.

రోగం పేరుకు ఖాళీ చోటు వదిలి ఎవరికి తోచినట్టు వాళ్ళను రాయమంటే ఇక్కడ కుదరదు. గాలికుంటును ఒకరు అలాగే రాస్తారు, ఇంకొకరు మరాఠీలో లాళ్యా ఖుర్కూత్ అంటారు, మరొకరు ఇంగ్లీషు పొట్టి పేరు ఎఫ్.ఎం.డి. అని కానిచ్చేస్తారు. నెలాఖరున లెక్క తీస్తే ఒక్క రోగం మూడుగా కనిపిస్తుంది. గొంతువాపు, దాని మరాఠీ పేరు ఘటసర్ప్‌ల సంగతీ అంతే. అట్ట లోపల రోగాల పట్టీ వేసి నంబర్లిస్తే ఏ భాషవాళ్ళైనా అదే నంబర్ రాస్తారు. అనుమానమా, ల్యాబ్‌లో తేలిందా అన్నది పక్కన మరో గడిలో రావాలి.

చివరికి పశువు ఏమైందో రాసే గడి లేనే లేదు. కోలుకుందా, చనిపోయిందా, అమ్మేశారా, మళ్ళీ కబురు లేదా? ఈ నాలుగూ ఉంటేనే ఏ వైద్యం పనిచేసిందో చెప్పగలం. రెండో అచ్చు వచ్చేదాకా రబ్బరు స్టాంపు ఒకటి చేయించుకుని కుడివైపు మార్జిన్‌లో వేసుకోండి, చోటు సరిపోతుంది. బాల్ పెన్నే వాడండి. జెల్ పెన్నుకు కాపీ పడదు, వానకు సిరా కారిపోతుంది.