కోరింగ మడ అడవిలో ఒక పూట

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉన్న కోరింగ అభయారణ్యాన్ని చూడటానికి గత జనవరిలో కుటుంబంతో వెళ్లాము. బస కాకినాడలోనే చూసుకోవడం మేలు. అడవికి దగ్గరగా ఉంటుందని ముందే డబ్బు కట్టిన ఒక విడిదిలో మాకు మొదటి రాత్రంతా దోమలతోనే సరిపోయింది. మరునాడు ఊళ్లోని లాడ్జికి మారాక గానీ కంటినిండా నిద్ర పట్టలేదు.

మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట పిల్లలకూ పెద్దలకూ అనుకూలమే, కానీ సెలవురోజుల్లో పిట్ట కూత కన్నా సెల్‌ఫోన్ల మోతే ఎక్కువ. అసలు అడవి పడవ ఎక్కితేనే కనిపిస్తుంది. పోటు వేళ కనుక్కోకుండా వెళ్లడం మా పొరపాటు; నీరు పాటు తీసి ఉండటంతో గంటన్నర ఒడ్డునే కూర్చున్నాము.

పడవ నడిపినాయన ఒక మలుపు దగ్గర ఆపి, ప్రధాన కాలువ నుంచి ఇరువైపులా ఏటవాలుగా చీలిన చిన్న కాలువలను చూపించారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటాయట. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటునీరు నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ మడ మొలవదు. 1990ల ద్వితీయార్ధంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాల వారు కలిసి గోదావరి మడ అడవుల్లో ఇలాంటి కాలువలు తవ్వించి, నీరు వచ్చిపోయే దారి ఏర్పరిచాకే తెల్లమడ, నల్లమడ మొక్కలు నాటారు. మొక్కలు నాటి ఫొటో దిగి వెళ్లిపోయే సంస్థలను చూసిన నాకు, ముందు నీటి సంగతి చూసిన ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఆ ఒడ్డు బురదలో గుండ్రంగా నాలుగు అడుగుజాడలు, ఇంకా నీరు ఊరుతూ, తాజాగా ఉన్నాయి. చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురుపిల్లివని ఆయన చెప్పారు. 2018 గణనలో ఇక్కడ 115 ఉన్నట్టు తేలింది. పిల్లి మాత్రం కనిపించలేదు. పగటిపూట కనిపిస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మవద్దు.

స్వచ్ఛంద సంస్థల పనికి ప్రాజెక్టు గడువు ఉంటుంది, ఒండ్రుకు గడువు లేదు. పక్కనే ఒక పిల్లకాలువ సగం పూడి ఉంది. "ఏడాదికోపాలైనా పూడిక తియ్యాలండి, లేపోతే మళ్లీ ఉప్పు తేలిపోద్ది," అంటూ ఆయన గడను అందులో దింపారు. మూరెడు లోతుకే గడ ఆగిపోయింది.