పిల్లులున్న ఇంట్లో పుస్తకం కుట్టుకునే కిట్: ఎనిమిది నెలల వాడకం తరువాత

పుస్తకాన్ని చేత్తో కుట్టుకోవడానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది అమ్మే కిట్‌ను ఎనిమిది నెలల క్రితం కొన్నాను. అట్టకు తొడిగే గుడ్డ మీద మనమే ఎంబ్రాయిడరీ చేసుకోవచ్చునన్నది దాని ప్రత్యేకత. ఎంబ్రాయిడరీ నాకు చిన్ననాటి నుంచీ అలవాటే కానీ బైండింగ్ పని పూర్తిగా కొత్త. ఇంట్లో మబ్బు, చుక్కి అనే రెండు పిల్లులున్నాయి. ఇప్పటికి మూడు పుస్తకాలు కుట్టాను కాబట్టి ఈ కిట్‌లో ఏది బాగుందో, ఏది బాగులేదో నమ్మకంగా చెప్పగలను.

పెట్టెలో రెండు పుస్తకాలకు సరిపడా కాగితం, 2 మిల్లీమీటర్ల మందమున్న నాలుగు గట్టి అట్టలు, లినెన్ గుడ్డ, ఎనిమిది రంగుల ఎంబ్రాయిడరీ దారపు లచ్చిలు, తేనెమైనం పట్టించిన లినెన్ దారపు కండె, మొద్దు మొన ఉన్న రెండు సూదులు, కంతలు పెట్టడానికి చెక్కపిడి ఆరె, మడత నొక్కడానికి ఎముక పలక, ఒక సీసా తెల్ల జిగురు ఉన్నాయి. పనిముట్ల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అన్నీ చేతికి చక్కగా అమరాయి.

నన్ను మొదట ఆకట్టుకున్నది కాగితం. యంత్రం మీద తయారైన ప్రతి కాగితంలోనూ నార ఎక్కువగా ఒకే దిశలో పరుచుకొని ఉంటుంది. ఆ దిశ పుస్తకపు వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పుట సులువుగా ఒరుగుతుంది. అడ్డంగా ఉంటే మడత చిట్లినట్టు కనిపించడమే కాక, కాస్త తేమ తగలగానే పుటలు అలలు తేలుతాయి. కాగితాన్ని తుంచకుండా రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తక్కువ ఎదురుతిరుగుతుందో వేళ్లకే తెలిసిపోతుంది. కిట్‌లోని కాగితాన్ని అలా పరీక్షిస్తే ప్రతి తావూ సరైన దిశలోనే కోసి ఉంది. చాలా చవక నోటుపుస్తకాల్లో కనిపించని శ్రద్ధ ఇది. నాలుగేసి కాగితాలను కలిపి మడిస్తే ఒక కట్ట అవుతుంది, దానికి పదహారు పుటలు; అలాంటి ఎనిమిది కట్టలతో 128 పుటల పుస్తకం తయారవుతుంది.

కుట్టు విధానంగా కిట్ ఎంచుకున్నది కాప్టిక్ కుట్టు. తొలి శతాబ్దాల్లో ఈజిప్టులోని క్రైస్తవులు వాడిన పద్ధతి కనుక దానికి ఆ పేరు వచ్చింది. వెన్నుకు జిగురు పూయరు, గుడ్డ అతికించరు. కట్టలను ఒకదానితో ఒకటి గొలుసులా అల్లుకుంటూ పోతారు. అందువల్ల పుస్తకాన్ని ఎక్కడ తెరిచినా బల్ల మీద పూర్తిగా వాలి నిలుస్తుంది, వెన్ను మీద గొలుసులు వరుసగా కనిపిస్తాయి. ఎంబ్రాయిడరీలో గొలుసు కుట్టు వేసిన చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది. ప్రతి కుట్టు దగ్గరా దారాన్ని వెన్నుకు సమాంతరంగా లాగాలని, కాగితానికి ఎదురుగా లాగితే కంత చీలిపోతుందని సూచనల పుస్తకం స్పష్టంగా చెప్పింది. మొదటి పుస్తకంలో ఆ మాటను పట్టించుకోని రెండు చోట్ల కంతలు సాగిపోయాయి, ఆ తప్పు నాదే. మైనం పట్టించిన మూడు పేటల దారం మాత్రం ఎక్కడా పీచులేవలేదు, ముడి జారలేదు.

గుడ్డ విషయంలో నా అసంతృప్తి చిన్నది కాదు. పుస్తకానికి తొడిగే గుడ్డకు వెనుకవైపు పలుచని కాగితం అతికించి ఉండాలి. లేకపోతే జిగురు నేత సందుల్లోంచి పైకి ఊరి, ముఖం మీద మచ్చలు కడుతుంది. కిట్‌లో ఇచ్చినది వట్టి లినెన్. రెండు వారాలు కూర్చొని, రెండేసి పోగులతో కాడ కుట్టులో ఒక తీగను, దాని చివర ముడి కుట్టుతో మొగ్గలను కుట్టాను. సూచనల్లో చెప్పినట్టే జిగురు పూసి అట్ట మీద పరిచాను. ఆరిన తరువాత చూస్తే తీగ చుట్టూ గుడ్డ గట్టిపడి, నూనె తగిలినట్టు నల్లబారి ఉంది. ఉతికితే పోదు, విప్పితే చిరుగుతుంది. రెండో పుస్తకానికి ఎంబ్రాయిడరీ పూర్తయ్యాక గుడ్డను బోర్లా వేసి, మెత్తని తువ్వాలు మీద ఇస్త్రీ చేసి, వెనుక పలుచని కాగితాన్ని గోధుమపిండి జిగురుతో అతికించి ఆరబెట్టుకున్నాను. ఆ ఒక్క పని అదనంగా చేయడంతో ముఖం మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. ఇంత అవసరమైన సంగతిని వదిలేసిన సూచనల పుస్తకం, మూలల దగ్గర గుడ్డను అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు దూరం వదిలి కత్తిరించాలన్న సూక్ష్మాన్ని బొమ్మతో సహా చెప్పడం ఆశ్చర్యం కలిగించింది.

ఏ కుట్టు అట్ట మీద నిలుస్తుందో కూడా వాళ్లు చెప్పి ఉండవలసింది. తరువాతి కాలంలో ఇంగ్లండు రాణి అయిన ఎలిజబెత్ 1544లో, పదకొండేళ్ల వయసులో, సవతి తల్లి కేథరిన్ పార్‌కు కానుకగా ఇచ్చిన రాతప్రతికి తానే ఎంబ్రాయిడరీ చేసి అట్ట తొడిగిందంటారు. అది నేటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. గ్రంథాలయంలో భద్రపరచిన పుస్తకం సంగతి వేరు, రోజూ సంచిలో వేసుకొని తిరిగే నోటుపుస్తకం సంగతి వేరు. నా అనుభవంలో కాడ కుట్టు, గొలుసు కుట్టు చెక్కుచెదరలేదు. పొడవాటి పోగులతో నింపే శాటిన్ కుట్టు మాత్రం మూడు నెలలకే రేగింది, అందులో సగం చుక్కి గోళ్ల పనే.

ఇక పిల్లుల విషయం. ఇలాంటి కిట్ తెచ్చుకునే ముందు ఇంట్లో పిల్లి ఉన్నవారు దీన్ని తప్పక ఆలోచించాలి. పిల్లి నాలుక మీద గొంతు వైపుకు వంగిన గట్టి ముళ్లుంటాయి. వాటిలో చిక్కుకున్న దారాన్ని అది ఉమ్మలేదు. లోపలికి మింగుతూ పోతుంది. ఒక కొస నాలుక కింద గానీ కడుపులో గానీ పట్టుకొని, మిగతాది పేగుల్లోకి దిగితే, పేగు ఆ దారం మీద బొందు లాగిన లంగాలా కుచ్చులు పడుతుంది. చివరికి దారం పేగును కోసేయనూ వచ్చు.

రెండో నెలలో ఒక సాయంత్రం మబ్బు నోటి పక్క నుంచి జానెడు మైనపు దారం వేలాడుతూ కనిపించింది. చెయ్యి దాని మీదికి పోయింది కానీ ఆపుకున్నాను. అలాంటప్పుడు లాగకూడదని, లాగితే లోపల బిగుసుకున్న పేగు తెగవచ్చునని ఎప్పుడో చదివిన జ్ఞాపకం ఆ క్షణాన అక్కరకు వచ్చింది. వెంటనే పశువైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ ముందుగా నాలుక ఎత్తి కింద చూశారు. అదృష్టవశాత్తు అక్కడ చుట్టుకోలేదు. మత్తు ఇచ్చి నెమ్మదిగా దారాన్నంతా బయటికి తీశారు. పక్కన పెట్టి చూస్తే నా మూరెడు చేయి కంటే పొడవుగా ఉంది. ఆ రాత్రి మబ్బు నా ఒడిలో ఊపిరి పీలుస్తుంటే దాని పక్కటెముకల కదలికను లెక్కపెడుతూ మేలుకొనే ఉన్నాను.

కిట్ పెట్టె మీద గానీ, సూచనల్లో గానీ దీని గురించి ఒక్క హెచ్చరికా లేదు. పెట్టె మూత కూడా వదులుగా జారే అట్టమూత. పిల్లి ముక్కుతో నెడితే తెరుచుకుంటుంది. చిన్నపిల్లలకు దూరంగా ఉంచాలని రాసినవారు, ఆ వరుసలోనే పెంపుడు జంతువుల మాట కూడా చేర్చితే సరిపోయేది. తయారీదారుకు ఉత్తరం రాస్తే మర్యాదగా బదులిచ్చారు, తరువాతి ముద్రణలో చేరుస్తామన్నారు. చేర్చారో లేదో ఇంకా చూడలేదు. ప్రస్తుతం దారాలు, సూదులు, ఆరె గట్టి మూత ఉన్న రేకు డబ్బాలోకి మారాయి. పని మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు సూదులు లెక్కిస్తాను. కత్తిరించిన దారపు కొసలు నేల మీద పడకుండా పక్కనే మూత ఉన్న సీసా పెట్టుకుంటాను. జిగురు పని ఉన్నప్పుడు గది తలుపు వేస్తాను. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నగరంలో ఉన్న 15వ శతాబ్దపు రాతపుటల మీద సిరాలో పిల్లి అడుగులు పడి ఉన్నాయి. తడి పుట మీద పిల్లి నడవడం కొత్త సంగతేమీ కాదు.

జిగురు రాసిన అట్టలు ఒకవైపే గుడ్డ లాగడం వల్ల వంగుతాయి. లోపలివైపు కాగితం అతికించి, రాత్రంతా బరువు కింద ఉంచితే ఆ వంపు పోతుంది. కిట్ ఇందుకోసం ఏమీ ఇవ్వలేదు, ఇవ్వనవసరమూ లేదు; బరువైన నిఘంటువులు రెండు చాలు.

కాగితం, కుట్టు దారం, పనిముట్లు కోరుకునేవారికి ఈ కిట్ కొనమనే చెబుతాను. ఎంబ్రాయిడరీ కోసమే కొనేవారు మాత్రం వెనుక కాగితం అతికించిన గుడ్డను వేరుగా తెచ్చుకోవాలి, లేదా నేను చేసినట్టు ఇంట్లో అతికించుకోవాలి. మూడో పుస్తకానికి కాగితం విడిగా తెప్పించుకున్నాను, కోత మునుపటి అంత శ్రద్ధగానే ఉంది. దాని అట్ట మీద బూడిదరంగు రెండు పోగులతో మబ్బు తోకను గొలుసు కుట్టులో కుట్టాను. ఇప్పుడు అందులో ఇరవై మూడో పుట రాస్తున్నాను.